డిక్కీ తెరవమంటే తెరవాల్సిందేనా? వారెంటు లేని వాహన సోదాకు చట్టం పెట్టిన హద్దులు

ఆదివారం రాత్రి పదిన్నర. దేవనహళ్లి దాటి బెంగళూరు వైపు వచ్చే దారిలో బ్యారికేడ్లు అడ్డంగా ఉంటాయి. ఏపీ నంబరు ప్లేటున్న కారు ఆగుతుంది. టార్చి వెలుగు ముందు సీటు మీద, తర్వాత వెనక సీటు మీద పడుతుంది. "ఎల్లింద బర్తా ఇద్దీరా?" అని ఒక ప్రశ్న. అనంతపురం నుంచి అని జవాబు. ఆ వెంటనే "డిక్కీ తెగీరి" అంటారు. డిక్కీలో ఊరి నుంచి తెచ్చుకున్న వేరుశెనగ కాయల మూట ఉంటుంది, మూతి కుట్టేసి. దాన్ని కూడా విప్పమంటారు.

ఇందులో చట్టం ఎక్కడి దాకా పోలీసు పక్షాన ఉంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది చాలామందికి స్పష్టంగా తెలియదు. "వారెంటు చూపించండి అని అడగండి, వెనక్కి తగ్గుతారు" అని రీల్స్‌లో ధైర్యం చెప్పేవాళ్లు ఉన్నారు. "పోలీసు అడిగితే ఏదైనా చూపించాల్సిందే" అనేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు మాటలూ తప్పే.

క్లుప్తంగా

వాహనాన్ని వారెంటు లేకుండా సోదా చేసే అధికారం మన చట్టంలో ఉంది. అయితే దానికి షరతులున్నాయి. ఫలానా నేరం, దానికి సంబంధించిన ఫలానా వస్తువు, అది ఈ బండిలో ఉందని నమ్మడానికి తగిన కారణం ఉండాలి. ఆ కారణం రాతలో ఉండాలి. 2024 జూలై 1 నుంచి సోదాను వీడియో తీయడం కూడా తప్పనిసరి. పత్రాల కోసమో, మద్యం పరీక్ష కోసమో బండిని ఆపే అధికారం వేరు. అందులో డిక్కీ వెతికే అధికారం కలిసి రాదు. షరతులు పాటించకపోయినా దొరికిన వస్తువు చాలా సందర్భాల్లో సాక్ష్యంగా చెల్లుతుంది. వాహనదారుడికి అసలు చిక్కు అక్కడే.

ఆపడం వేరు, వెతకడం వేరు

రోడ్డు మీద జరిగే తనిఖీల్లో ఎక్కువ భాగం 1988 నాటి మోటారు వాహనాల చట్టం కిందివి. 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అయినా డ్రైవింగ్ లైసెన్సు అడగవచ్చు. ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా చూపించాలి. కాగితాలే కావాలని లేదు. డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో ఉన్నవి చాలు. ఆ సమయానికి దగ్గర లేకపోతే 15 రోజుల్లో చూపించే వీలును కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 139వ నిబంధన ఇస్తుంది. తాగి నడుపుతున్నట్టు అనుమానం వస్తే 203వ సెక్షన్ కింద ఊపిరి పరీక్ష చేయవచ్చు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. లైసెన్సు లేకుండా, రిజిస్ట్రేషన్ లేకుండా నడుపుతుంటే 207వ సెక్షన్ కింద బండినే ఆపి ఉంచవచ్చు.

అధికారాలు ఇన్ని ఉన్నా, వీటిలో ఏదీ డిక్కీ తెరిచి సామాను వెతకమని చెప్పదు. బండి తాళం లాక్కోమని కూడా ఏ సెక్షనూ చెప్పదు. పత్రాలు సరిగ్గా ఉన్నాయా, నడిపే మనిషి తాగి ఉన్నాడా అని తేల్చుకోవడంతో ఈ చట్టం పని అయిపోతుంది.

కర్ణాటకలో పోలీసు పెద్దలే దీని మీద రెండుసార్లు గట్టిగా చెప్పారు. 2022 జూన్‌లో అప్పటి డీజీపీ ప్రవీణ్ సూద్, కంటికి కనిపించే ఉల్లంఘన ఉంటే తప్ప కేవలం పత్రాల కోసం ఏ బండినీ ఆపవద్దని, మద్యం తాగి నడిపే కేసులకు మాత్రం మినహాయింపని ప్రకటించారు. 2025 మే నెలలో మండ్యలో, కుక్క కరిచిన చిన్నపాపను ఆసుపత్రికి తీసుకెళ్తున్న బైకును ట్రాఫిక్ పోలీసులు ఆపిన క్రమంలో పాప కింద పడి ప్రాణాలు కోల్పోయింది. ఆ దారుణం తర్వాత డీజీపీ ఎం.ఎ. సలీం మళ్లీ మార్గదర్శకాలు ఇచ్చారు. హఠాత్తుగా బండికి అడ్డం వెళ్లవద్దని, తాళాలు లాక్కోవద్దని అందులో ఉంది. ఇవి శాఖాపరమైన ఆదేశాలు. మీరితే ఆ అధికారిపై శాఖ చర్య తీసుకోవచ్చు గానీ, కేవలం ఆ కారణంతో కోర్టులో కేసు కొట్టుడుపోదు.

ఇక్కడే ఒక నంబరు గందరగోళం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షన్ తాగి నడపడం గురించి. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో (బీఎన్ఎస్ఎస్) 185వ సెక్షన్ వారెంటు లేని సోదా గురించి. "వన్ ఎయిటీ ఫైవ్ కింద చెక్ చేస్తున్నాం" అని వినిపిస్తే అది ఏ చట్టంలోని 185 అన్నది తేల్చుకోవాలి. ఒకటి ఊపిరి వరకే, రెండోది సామాను దాకా.

చట్టం దృష్టిలో కారు కూడా ఒక చోటే

ఇంట్లో సోదాకు నియమాలుంటాయి, రోడ్డు మీది కారుకు ఏముంటాయి అని చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనుకోలేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన సీఆర్‌పీసీలోనూ, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లోనూ 'చోటు' అనే మాటకు నిర్వచనం ఉంది. ఇల్లు, భవనం, డేరా, వాహనం, నౌక అన్నీ అందులోకే వస్తాయి. అంటే, ఏదైనా చోటును సోదా చేయడానికి బీఎన్ఎస్ఎస్ 185వ సెక్షన్ పెట్టిన షరతులు కారుకూ వర్తిస్తాయి.

ఆ షరతుల్లో మొదటిది మనిషి. స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారి గానీ, ఒక కేసు దర్యాప్తు చేస్తున్న అధికారి గానీ అయి ఉండాలి. ఆయన స్వయంగా చేయలేకపోతే కింది అధికారిని పంపవచ్చు, కానీ ఏ చోటు, ఏ వస్తువు అని రాతపూర్వకంగా రాసిచ్చి పంపాలి. బ్యారికేడ్ దగ్గర నిలబడిన కానిస్టేబుల్ తనంతట తాను ఈ సెక్షన్‌ను వాడలేడు.

రెండోది దర్యాప్తు. తనకు దర్యాప్తు చేసే అధికారం ఉన్న ఒక నేరం ఉండాలి. ఆ దర్యాప్తుకు అవసరమైన వస్తువు ఫలానా చోట దొరుకుతుందని నమ్మడానికి తగిన కారణం ఉండాలి. వారెంటు కోసం కోర్టుకు వెళ్తే జరిగే ఆలస్యంలో అది చేజారిపోతుందనే పరిస్థితి ఉండాలి. కదిలే బండి విషయంలో ఈ చివరిది తేలిగ్గానే నిరూపణ అవుతుంది. మిగిలినవి అంత తేలిక కాదు. "ఏమైనా దొరుకుతుందేమో చూద్దాం" అన్నది దర్యాప్తు కిందికి రాదు.

మూడోది కాగితం. ఎందుకు నమ్ముతున్నాడో, దేని కోసం వెతుకుతున్నాడో సోదాకు ముందే రాయాలి. ఆ రాతల ప్రతులు 48 గంటల్లోగా దగ్గర్లోని మేజిస్ట్రేటుకు చేరాలి. పాత చట్టంలో 'వెంటనే' అని మాత్రమే ఉండేది. 48 గంటల గడువు కొత్త చట్టం తెచ్చింది. ఆ ప్రతులు తనకూ కావాలని ఆ చోటు యజమాని దరఖాస్తు పెట్టుకుంటే మేజిస్ట్రేటు ఉచితంగా ఇప్పించాలి. ఈ హక్కు గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

రాయడం అనే ఈ చిన్న పనికి ఉన్న బరువు 60 ఏళ్లు దాటిన ఒక రాజస్థాన్ కేసులో కనిపిస్తుంది. పొగాకు కోసం సోదాకు వచ్చిన ఎక్సైజ్ అధికారులను ఒక వ్యక్తి అడ్డుకున్నాడు. అధికారుల విధికి ఆటంకం కలిగించాడని కేసు పెట్టారు. కారణాలు రాయకుండా చేసిన సోదా చట్టబద్ధమైనది కాదు కాబట్టి అతన్ని శిక్షించడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. సోదాకు ముందు కారణం రాయడాన్ని ఉత్తుత్తి లాంఛనంగా కాక, పౌరుడికీ అధికారానికీ మధ్య ఉన్న గోడగా కోర్టు చూసింది.

మరి రాత్రిపూట నాకాబందీలు, అంటే బ్యారికేడ్లు పెట్టి చేసే తనిఖీలు, ఏ చట్టం కింద జరుగుతాయి? నేరాలు జరగకుండా అడ్డుకోవడం పోలీసుల విధి అని బీఎన్ఎస్ఎస్ 168వ సెక్షన్ అంటుంది. ఆ విధిలో పోలీసులు ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాలను పాటించాలని కొత్తగా వచ్చిన 172వ సెక్షన్ అంటుంది. దొంగసొత్తు అని గానీ, నేరంతో సంబంధం ఉందని గానీ అనుమానం కలిగించే వస్తువును 106వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకోవచ్చు. దొంగసొత్తు అనుమానంతో వీధిలోనే తనిఖీ చేసే అధికారం కొన్ని రాష్ట్రాల పోలీసు చట్టాల్లోనూ ఉంది. కాబట్టి బండి ఆపడం, ప్రశ్నించడం, అద్దంలోంచి టార్చి వేసి చూడటం వరకు చట్టం పోలీసు వైపే ఉంటుంది. అలా చూసినప్పుడు సీటు మీద కత్తో, నంబరు ప్లేట్ల కట్టో కనిపిస్తే అప్పుడు కారణం పుట్టినట్టే. ఏమీ కనిపించకుండా, ఏ సమాచారమూ లేకుండా కుట్టిన మూటను విప్పించడానికి మాత్రం పైవాటిలో ఆధారం వెతకడం కష్టం.

అయినా రోజూ వేల డిక్కీలు తెరుచుకుంటూనే ఉంటాయి. దానికి కారణం, "తెరవండి" అనగానే యజమానే తెరుస్తాడు. తనకు తాను తెరిచి చూపించాక, చట్టం లెక్కలో అది బలవంతపు సోదా అని వాదించడం కష్టం. అడిగిన మాట ఆదేశమా, విన్నపమా అన్నది రోడ్డు మీద ఎవరూ తేల్చుకోరు. ఇంటికి చేరే తొందర, పిల్లల నిద్ర, భాష రాని టెన్షన్, ఇవే ఆ క్షణంలో నిర్ణయం తీసుకుంటాయి.

గంజాయి, మద్యం: నిబంధనలు మారే చోటు

ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ఏజెన్సీ ప్రాంతం నుంచి దక్షిణాది నగరాలకు గంజాయి రవాణా చాలాకాలంగా ఉన్న సమస్య. బెంగళూరు దారుల్లో ఏపీ, టీజీ నంబర్ల మీద చూపు ఎక్కువగా పడటానికి అదొక నేపథ్యం. అయితే నంబరు ప్లేటు ఒక్కటే 'నమ్మడానికి తగిన కారణం' కాదు. ఈ నగరంలో పని చేసుకుంటూ నెలకోసారి ఊరికి వెళ్లొచ్చే లక్షల మందికి ఉన్నది ఆ ప్లేటే.

మాదకద్రవ్యాల కేసుల్లో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ముందుకు వస్తుంది. దాని 42వ సెక్షన్ భవనం, వాహనం, మూసి ఉన్న చోటు గురించి. అధికారికి సమాచారం అందితే అది రాసుకోవాలి, 72 గంటల్లోగా పై అధికారికి పంపాలి. సూర్యాస్తమయం తర్వాత వారెంటు లేకుండా సోదా చేయాలంటే వారెంటుకు ఎందుకు వెళ్లలేకపోయాడో కూడా రాయాలి. 43వ సెక్షన్ బహిరంగ ప్రదేశం, రవాణాలో ఉన్న సరుకు గురించి. అందులో ఈ రాతకోతలు లేవు. 49వ సెక్షన్ అనుమానం ఉన్న వాహనాన్ని ఆపి వెతికే అధికారం ఇస్తుంది.

దీంతో కోర్టుల్లో ఎన్నో ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఒకటే: రోడ్డు మీద ఉన్న సొంత కారు 42 కిందికి వస్తుందా, 43 కిందికి వస్తుందా? హర్యానా నుంచి వచ్చిన ఒక కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. రోడ్డు పక్కన నిలిపి ఉన్న ప్రైవేటు జీపు 'బహిరంగ ప్రదేశం' కాదని, రోడ్డు అందరిదైనా జీపు అందరిదీ కాదని, కాబట్టి 42 పాటించాల్సిందేనని అంది. పాటించలేదు కాబట్టి నిందితులను విడుదల చేసింది. ముందస్తు సమాచారం ఏదీ లేకుండా మామూలు తనిఖీలో అనుకోకుండా సరుకు బయటపడితే మాత్రం కోర్టులు ఇంత పట్టుబట్టవు. 42ను పూర్తిగా వదిలేస్తే కేసు నిలవదని, ఆలస్యానికి సరైన వివరణ ఉంటే పర్వాలేదని 2009లోనే రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

మద్యం విషయంలో కర్ణాటక నుంచే వెళ్లిన ఒక పాత కేసు ఉంది, 1979 నాటిది. ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ ఒక కారును ఆపి వెతికితే మద్యం సీసాలు దొరికాయి. కింది కోర్టుల్లో శిక్ష పడింది. సుప్రీంకోర్టు మాత్రం ఒకే ప్రశ్న వేసింది: వారెంటు లేకుండా వెతకడానికి ఉన్న కారణాన్ని ఇన్‌స్పెక్టర్ ఎక్సైజ్ చట్టం 54వ సెక్షన్ చెప్పినట్టు రాశాడా? రాయలేదు. ఆ సోదాకు అధికారమే లేదంటూ శిక్షను రద్దు చేసింది. సీసాలు దొరికిన మాట నిజమే అయినా, రాయని ఆ ఒక్క వాక్యం కేసును పడగొట్టింది.

జేబు, సంచి, ఫోన్

బండిలో ఉన్న మనిషిని వెతకడం మరో మెట్టు. ఎన్‌డీపీఎస్ కేసుల్లో ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో చేయించుకునే హక్కు ఉందని ఆ మనిషికి చెప్పి తీరాలి. 50వ సెక్షన్ చెప్పే ఈ నియమాన్ని కచ్చితంగా పాటించాలని 1999లో, మళ్లీ 2010లో రాజ్యాంగ ధర్మాసనాలు స్పష్టం చేశాయి. ఈ రక్షణ ఒంటికే, సామానుకు కాదు. భుజాన ఉన్న సంచికి, డిక్కీలోని మూటకు ఇది వర్తించదని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. మహిళను మహిళే సోదా చేయాలి, ఏ చట్టం కిందైనా.

ఫోన్ మాటకొస్తే, 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ వీధుల్లో బైకులు ఆపి వాట్సాప్ చాట్లలో గంజాయి అనే మాట కోసం వెతికిన వీడియోలు తెలుగువాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అంతకు ముందే, అదే ఏడాది మార్చిలో బెంగళూరు డ్రగ్స్ కేసు ఒకదానిలో కర్ణాటక హైకోర్టు ఈ విషయం పరిశీలించింది. స్మార్ట్‌ఫోన్ లోపలి సమాచారం చూడాలంటే సాధారణంగా సెర్చ్ వారెంటు కావాలని, అత్యవసరమైతే కారణాలు రాసి మాత్రమే ముందుకు వెళ్లాలని చెప్పింది. అడ్డరోడ్డులో బండి ఆపి "అన్‌లాక్ చెయ్" అనడం ఈ చట్రంలో ఇమడదు. 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన తీర్పు ఈ వాదనలన్నిటికీ పునాది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి ఈ హైకోర్టులోనే న్యాయమూర్తిగా చేసి రిటైరైనవారు.

నియమం తప్పితే ఏమవుతుంది?

అమెరికాను చూసి చెప్పే సలహాలు బోల్తా పడేది ఇక్కడే. అక్కడ కూడా కారుకు వారెంటు ప్రతిసారీ అక్కర్లేదు. కోర్టుకు వెళ్లొచ్చేలోగా కారు కదిలిపోతుంది కాబట్టి బలమైన కారణం ఉంటే చాలని 1925లోనే వాళ్ల సుప్రీంకోర్టు అంది. తేడా ఫలితంలో ఉంది. సోదా రాజ్యాంగ విరుద్ధమైతే దొరికిన వస్తువును విచారణలో వాడనివ్వరు. 1961 నుంచి రాష్ట్రాల కోర్టులకూ అదే నియమం.

మన దగ్గర ఆ నియమం లేదు. సోదాలో చట్టం తప్పినా, దొరికింది కేసుకు సంబంధించినదైతే సాక్ష్యంగా తీసుకోవచ్చని 1970ల మొదట్లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన మాటే ఇప్పటికీ ఆధారం. అలాంటప్పుడు కోర్టు ఆ సాక్ష్యాన్ని మరింత జాగ్రత్తగా పరీక్షిస్తుంది, అంతవరకే. ప్రత్యేక చట్టాలు, అంటే ఎన్‌డీపీఎస్, ఎక్సైజ్ లాంటివి, తమ షరతులను కఠినంగా పెట్టుకున్న చోట మాత్రం కేసులు కూలుతాయి. మామూలు దొంగతనం కేసులో లోపం తప్పించుకుపోతుంది, గంజాయి కేసులో అదే రకం లోపం నిందితుణ్ని విడిపిస్తుంది. ఈ అసమానత న్యాయంగా కనిపించదు. అమాయకుడి విషయంలో అయితే మరీ అన్యాయం: ఏమీ దొరకని సోదా కోర్టు దాకా వెళ్లదు, కాబట్టి అది చట్టబద్ధమా కాదా అని ఎవరూ పరీక్షించరు.

అధికారికి శిక్ష లేదా అంటే, ఉంది. తగిన అనుమానం లేకుండా వేధింపుగా సోదా చేస్తే ఎన్‌డీపీఎస్ 58వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలన్నది 1985 నాటి లెక్క.

కెమెరా తెచ్చిన మార్పు

2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ 105వ సెక్షన్ సోదా మొత్తాన్ని, దొరికిన వస్తువుల జాబితా రాసి సాక్షుల సంతకాలు తీసుకునే వరకు, ఆడియో వీడియోలో రికార్డు చేయాలంటుంది. మొబైల్ ఫోన్ అయినా చాలు. రికార్డింగును ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. ఇందుకోసం కేంద్రం ఈ-సాక్ష్య అనే యాప్‌ను తెచ్చింది.

దీని ప్రాధాన్యం తెలియాలంటే పాత పద్ధతి గుర్తు చేసుకోవాలి. స్థానికులైన ఇద్దరు సాక్షుల ఎదుట సోదా జరగాలని, జాబితా ప్రతి యజమానికి ఇవ్వాలని 103వ సెక్షన్ ఇప్పటికీ అంటుంది. తెలుగు రాష్ట్రాల్లో పంచనామా అనే ఆ కాగితాన్ని కర్ణాటకలో మహజరు అంటారు. రాత్రి పదిన్నరకు హైవే పక్కన ఇద్దరు స్థానికులు ఎక్కడి నుంచి వస్తారు? స్వతంత్ర సాక్షులు లేనంత మాత్రాన కేసు చెల్లదనలేమని కోర్టులు అంటూ వచ్చాయి. ఆ ఖాళీని ఇప్పుడు వీడియో నింపాలి. మూట విప్పక ముందు ఎలా ఉంది, ఎవరి చెయ్యి లోపలికి వెళ్లింది అన్నది జ్ఞాపకాల మీద కాక బొమ్మ మీద తేలుతుంది. వీడియో లేకపోతే సోదా మొత్తం చెల్లదని చట్టం అనలేదు. ఎందుకు తీయలేదన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం పోలీసులే.

ఎన్నికల సమయం ఒక మినహాయింపు లాంటిది. అప్పుడు ఫ్లయింగ్ స్క్వాడ్లు, చెక్‌పోస్టు బృందాలు ఎన్నికల సంఘం సూచనలతో పనిచేస్తాయి. అభ్యర్థి లేదా పార్టీ మనుషుల వాహనంలో 50,000 రూపాయలకు మించి నగదు ఉంటే స్వాధీనం చేసుకోవచ్చు. ఎవరి దగ్గరైనా 10 లక్షలు దాటితే ఆదాయపు పన్ను శాఖకు చెబుతారు. అక్కడా వీడియో తప్పనిసరి. డబ్బు తిరిగి ఇప్పించడానికి జిల్లా స్థాయిలో ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది.

కాదంటే ఏమవుతుంది?

చట్టవిరుద్ధమైన సోదాను కాదనే హక్కు ఉందని సుప్రీంకోర్టు 1960ల మొదట్లోనే అంది. కానీ ఆ సోదా చట్టవిరుద్ధమా కాదా అన్నది తేలేది నెలల తర్వాత కోర్టు గదిలో. రోడ్డు మీద చెయ్యి అడ్డం పెడితే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 221వ సెక్షన్ కింద విధులకు ఆటంకం కేసు పడవచ్చు. 3 నెలల వరకు జైలు, 2,500 రూపాయల వరకు జరిమానా. తోపులాట దాకా వెళ్తే 132వ సెక్షన్, అది 2 ఏళ్ల వరకు. అందుకే మాటతో అడగడానికీ చేత్తో అడ్డుకోవడానికీ మధ్య దూరం చాలా పెద్దది. ఏ నేరం గురించి వెతుకుతున్నారు, ఏ సెక్షన్ కింద, వీడియో తీస్తున్నారా, మహజరు ప్రతి ఇస్తారా అని అడగడం ఆటంకం కాదు. "వారెంటు ఉందా" కన్నా "కారణం రాశారా" అన్న ప్రశ్నకే మన చట్టంలో బలం ఎక్కువ. అప్పటికీ తెరవక తప్పకపోతే, ఇష్టపూర్వకంగా తెరవడం లేదని మర్యాదగా, వీడియోలో వినపడేలా చెప్పి పక్కకు జరగడం రికార్డులో మిగులుతుంది. తర్వాత ఫిర్యాదు చేయాలంటే పై అధికారితో పాటు రాష్ట్ర పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ కూడా ఉంది.

బండినే పట్టుకెళ్లిపోతే? స్వాధీనం చేసుకున్న వాహనాలను స్టేషన్ ఆవరణలో ఎండకూ వానకూ వదిలేయవద్దని, ఫొటోలు తీసి, పూచీకత్తు తీసుకుని యజమానికి త్వరగా ఇచ్చేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. దరఖాస్తు పెట్టాల్సింది ఆ ప్రాంతపు మేజిస్ట్రేటు కోర్టులో, బీఎన్ఎస్ఎస్ 497 లేదా 503 కింద. మాదకద్రవ్యాల కేసుల్లో పట్టుకున్న వాహనాన్ని కూడా విచారణ ముగిసేలోగా షరతులతో విడుదల చేయడానికి చట్టం అడ్డు కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. యజమానికి తెలియకుండా డ్రైవరో ప్రయాణికుడో సరుకు పెట్టిన కేసుల్లో, కిస్తీలు కట్టుకుంటూ బండి నడుపుకునే వాళ్లకు ఈ తీర్పు చాలా ముఖ్యమైనది.